పాట మధ్యలో సొంత నమ్మకాలు: ఒక ఎఫ్ఎం ఉదయ కార్యక్రమంపై సమీక్ష

తిరుపతిలో వినిపించే ఒక ప్రైవేటు ఎఫ్ఎం ఉదయ కార్యక్రమంలో పాటల ఎంపికకు వంక పెట్టలేము. పాతవీ కొత్తవీ పొందికగా వస్తాయి, వ్యాఖ్యాత గొంతులో మన చిత్తూరు యాస హాయిగా పలుకుతుంది. అయితే కొంతకాలంగా ఆయన పాటకూ పాటకూ మధ్య తన నమ్మకాలను బోధించడం మొదలుపెట్టారు. ఇటీవల ఒక శ్రోత తన కూతురి పుట్టినరోజుకు పాట కోరితే, కొవ్వొత్తులు ఆర్పడం మన సంప్రదాయం కాదని ఆమెకు హితవు చెప్పి, ఆ మాటల్లోనే సమయం గడిపేసి, పాటను పల్లవి దగ్గరే ఆపేశారు. ఆ తల్లి "సరేనండీ" అని ఫోను పెట్టేసిన తీరు నాకు చాలా బాధ కలిగించింది.

వ్యాఖ్యాతకు నమ్మకాలు ఉండకూడదని నేను అనను. ఏకాదశి నాడు తాను ఉపవాసం ఉన్నానని చెప్పుకుంటే అది ఆత్మీయత. ఉండనివారిని తప్పుపడితే అది పెత్తనం. అలిపిరి వైపు వెళ్లే ఆటోలోనో, హోటల్ గల్లాపెట్టె పక్కనో మోగే రేడియోను వినేవారిలో అన్ని మతాలవారూ, ఏ మతమూ పాటించనివారూ ఉంటారు. ఆకాశవాణి ప్రసార నియమావళి ప్రైవేటు ఎఫ్ఎంలకూ వర్తిస్తుంది. మతాలపైనా వర్గాలపైనా దాడిని అది నిషేధిస్తుంది. ఈయన ఆ గీత దాటలేదు గానీ, శ్రోతను చిన్నబుచ్చడానికి అంతదూరం వెళ్లనక్కరలేదు. ఐదుకు గాను పాటలకు నాలుగు, వ్యాఖ్యానానికి రెండు మార్కులు ఇస్తున్నాను.