వరుసలో ఆగడమా, విమానం ఎక్కడమా: ఆపరేషన్‌కు ఏది మేలు?

తుంటి కీలు అరిగి, రాత్రి పక్క మీద ఒత్తిగిలడానికే ప్రాణం పోతున్న మనిషికి "మీ వంతు వచ్చే ఏడాది" అని ఉత్తరం వస్తే, విదేశీ ఆసుపత్రి ప్రకటన వరంలా కనిపించడంలో వింత లేదు. ఇంగ్లాండులోని ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ నియమం ప్రకారం నూటికి 92 మందికి 18 వారాల్లోపు చికిత్స మొదలు కావాలి. 2016 నుంచి ఏళ్ల తరబడి ఆ లక్ష్యం నెరవేరలేదు. 2023 సెప్టెంబరులో నిరీక్షణ జాబితాలోని కేసులు దాదాపు 78 లక్షలకు చేరాయి. కాబట్టి "ఓపిక పట్టండి" అని ఊరికే సలహా ఇచ్చేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆగడానికీ ఖర్చుంది. నొప్పి కాలును వాడక తొడ కండ పలచబడుతుంది, నొప్పి మాత్రల మోతాదు పెరుగుతుంది, ఉద్యోగం ఇబ్బందిలో పడుతుంది.

అయితే ఈ రెంటి మధ్యా చాలామంది చూడకుండా దాటేసే దారి ఒకటుంది: ఆసుపత్రి మార్చుకోవడం. ఇంగ్లాండులో రోగికి ఆ హక్కు ఉంది. ఎన్‌హెచ్‌ఎస్‌తో ఒప్పందమున్న ప్రైవేటు ఆసుపత్రినీ ఎంచుకోవచ్చు, బిల్లు ప్రభుత్వానిదే. ఒకే ఆపరేషన్‌కు ఆసుపత్రిని బట్టి నిరీక్షణ నెలల తేడాతో ఉంటుంది. విమానం టికెట్ల ధరలు చూసేముందు ఏ ఆసుపత్రిలో ఎంత నిరీక్షణో చూడాలి.

సొంత దేశంలోనే డబ్బు కట్టి చేయించుకోవడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఖరీదు ఎక్కువ, చింత తక్కువ. కుట్టు దగ్గర చీము పడితే కోసిన సర్జన్ దగ్గరికే వెళ్లవచ్చు. చేతిలో డబ్బుంటే నా ఓటు దీనికే.

ఇక విదేశం. మోకాలు, తుంటి మార్పిడుల కోసం లిథువేనియాలోని కౌనస్ నగరానికి బ్రిటన్, ఐర్లాండ్‌ల నుంచి రోగులు వెళ్తూనే ఉన్నారు. అక్కడి సర్జన్ల నైపుణ్యాన్ని నేను శంకించను. కృత్రిమ కీళ్లు కూడా చాలావరకు బ్రిటన్‌లో వాడే కంపెనీలవే. నా అనుమానమంతా ఆపరేషన్ తర్వాతి ఆరు వారాల మీద. ప్యాకేజీలో శస్త్రచికిత్స, గది, కొన్నాళ్ల ఫిజియోథెరపీ ఉంటాయి. కీలు మార్చాక రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు మాత్రం వారాలపాటు వెంటాడుతుంది, కదలకుండా కూర్చునే విమాన ప్రయాణం దాన్ని పెంచుతుంది. ఇంటికి చేరిన పదో రోజున గాయం నుంచి నీరు కారితే ఎవరికి ఫోను చేస్తారు? అత్యవసరమైతే స్థానిక ఆసుపత్రి తప్పకుండా చూస్తుంది. కానీ అక్కడి డాక్టర్‌కు లోపల ఏ కీలు ఉందో తెలియదు. ఇంగ్లాండు, వేల్స్‌లలో 2003 నుంచి కీళ్ల మార్పిడులను నమోదు చేస్తున్న జాతీయ రిజిస్టరులోనూ విదేశంలో చేయించుకున్న ఆపరేషన్ ఉండదు. దీనికి తోడు, గత ఏడాదిలో విదేశీ ఆసుపత్రిలో పడుకున్నవారిని మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా పరీక్ష పేరిట ముందు విడిగా ఉంచే అవకాశం ఉంది.

అందుకే వెళ్లేవారు డిశ్చార్జ్ కాగితాల్లో చూసుకోవాల్సింది ఒక చిన్న స్టిక్కరు. ఇంప్లాంట్ డబ్బాపై నుంచి తీసి ఆపరేషన్ నోట్స్‌లో అంటిస్తారు. కంపెనీ, మోడల్, సైజు, లాట్ నంబరు అందులో ఉంటాయి. పదిహేనేళ్లకు ఆ కీలు వదులైతే, మార్చే సర్జన్ మొదట అడిగేది అదే. దాని ఫొటో తీసుకోకుండా ఆసుపత్రి గుమ్మం దాటవద్దు.

ఏది మేలన్నది ఆపరేషన్‌ను బట్టి మారుతుంది. కంటి శుక్లాలకైతే పొరుగు దేశం వెళ్లడం నాకు సబబుగానే తోస్తుంది. మామూలు శుక్లం ఆపరేషన్ తర్వాత ఒక రోజుకే విమానం ఎక్కవచ్చని ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. పొట్ట మీద చేసే సాధారణ ఆపరేషన్‌కు 4–5 రోజులు, గుండె బైపాస్‌కు 10 రోజులు ఆగాలి. తుంటి, మోకాలికైతే ప్రయాణం చిన్నదై, తిరిగొచ్చాక చూసే డాక్టరు, ఫిజియోథెరపిస్టు ముందే ఒప్పుకుంటేనే సరే. బరువు తగ్గించే ఆపరేషన్‌కు మాత్రం నేను వద్దనే అంటాను. కుట్టు లీకైతే కొన్ని గంటల్లో ప్రాణాల మీదికి వస్తుంది, ఆ తర్వాత జీవితాంతం రక్తపరీక్షలు, విటమిన్ల పర్యవేక్షణ కావాలి.

డబ్బు సంగతి. ఇంగ్లాండుకు చెందిన ఇవాన్ వాట్స్ అనే మహిళ 2003లో ఫ్రాన్స్ వెళ్లి తుంటి మార్పించుకుని, ఆ ఖర్చు కోసం దావా వేశారు. వైద్యపరంగా ఆమోదించదగిన వ్యవధి మించితే నిరీక్షణ జాబితాను సాకుగా చూపి అనుమతి నిరాకరించరాదని 2006లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. బ్రెగ్జిట్‌తో బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి వైదొలిగాక, అక్కడి దేశాల్లో చేయించుకునే చికిత్సకు ప్రభుత్వమే డబ్బు కట్టే ఎస్2 అనే దారి బ్రిటన్‌వాసులకు మిగిలింది. కానీ ముందస్తు అనుమతి తప్పనిసరి, అదీ అక్కడి ప్రభుత్వ వ్యవస్థలో జరిగే చికిత్సకే. ప్రైవేటు క్లినిక్ బిల్లుకు అది వర్తించదు. ఐర్లాండ్‌వాసుల పరిస్థితి మెరుగు: ఇతర ఐరోపా సమాఖ్య దేశాల్లో ప్రైవేటుగా చేయించుకున్నా, స్వదేశంలో అయ్యే ఖర్చు మేరకు తిరిగి వస్తుంది. 2017 నుంచి ఐర్లాండ్‌లోని కార్క్, కెర్రీ ప్రాంతాల వృద్ధులు బస్సుల్లో బ్రిటన్ కిందున్న ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ వెళ్లి శుక్లాలు తీయించుకొచ్చింది ఇలాంటి పథకం కిందే. ముందు చెల్లించే డబ్బు మాత్రం మీరే సమకూర్చుకోవాలి. మామూలు ప్రయాణ బీమా ముందే అనుకున్న ఆపరేషన్‌కూ, దాని చిక్కులకూ వర్తించదు. అందుకు ప్రత్యేక పాలసీ వేరే తీసుకోవాలి, దాని ప్రీమియం కూడా లెక్కలో కలిపాకే ప్యాకేజీ ధర చవకో కాదో తెలుస్తుంది.