ఎడమ పుట ఖాళీగా వదిలే నోటుపుస్తకం

కడప, ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని, అనంతపురం మధ్య తపాలాలో తిరిగే మా లిఖిత పత్రిక ఎలా ఉందని అడిగినవారికి నేను ముందుగా చెప్పేది ఎడమ పుట సంగతే. రచన కుడివైపు పుటల్లోనే సాగాలి, చదివినవారు తమ అభిప్రాయం రాయడానికి ఎడమవైపు పుటలను ఖాళీగా వదలాలి అన్న ఆ ఒక్క నియమం లేకపోయి ఉంటే నేను ఇన్నేళ్లు ఇందులో కొనసాగేవాణ్ణి కాదు. లిఖిత పత్రిక అంటే సభ్యులు ఒకే నోటుపుస్తకంలో చేత్తో రచనలు రాసి, వరుసగా ఒకరి నుంచి ఒకరికి పంపుకొనేది; మిగతా వివరాల జోలికి పోను. రచన కింద పేరు ఉండదని, ఊరి పేరు మాత్రమే ఉంటుందని, మన చిరునామా వరుసలో మనకు ముందున్న ఒక్కరికే తెలుస్తుందని చెబితే చాలు.

వేరుశనగ పీకేసిన చేలల్లో మిగిలిపోయిన కాయలను పరిగె ఏరుకొని బతికే ఒక ముసలామె మీద నేను కథ రాశాను. మా అవ్వ నోట విన్న సంగతులే అందులో ఎక్కువ. పొద్దు గూకకముందే చేను ఆసామి వచ్చి, ఆమె ఒడిలోని కాయలన్నీ అక్కడే కుమ్మరింపజేసి తరిమేస్తాడు. ఆసామికి ఆ కథలో ఉన్నవి రెండే మాటలు. ఆ తరువాత కథంతా ముసలామె వెంట ఇంటిదారి పడుతుంది. ప్రొద్దుటూరు, నంద్యాల చదువరులు ఆమె గురించి ఎంతో ఆదరంగా రాశారు. అనంతపురం అని మాత్రమే గుర్తు ఉన్న ఒకరు మూడు ఎడమ పుటలను పెన్సిలుతో నింపి, ముసలామెను గురించి ఒక్క ముక్కయినా లేకుండా, ఆ ఆసామిని గురించే రాశారు.

తాను అటువంటి ఆసామి కొడుకునని ఆయన మొదలుపెట్టారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం ప్రాంతంలో, ఎకరానికి 60 కిలోల దాకా గింజలు వేసి పండించిన చేను పీకే నాటికి నేలలో పదును లేకపోతే, చెట్టును లాగినప్పుడు ఊడలు తెగి కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. చేతికి వచ్చే కట్టె పశువుల మేతకు సరిపోతుందేమో గాని అప్పుకు సరిపోదు. అటువంటి ఏట మళ్లీ గుంటక తోలి, కూలీలను పెట్టి, భూమిలో మిగిలిన కాయలను ఏరించుకొంటేనే మరుసటి ఏటికి విత్తనం. పీకే వేళకు వాన అందిన ఏట పరిగె ఏరేవాళ్లను వాళ్ల నాన్న ఒక్క మాటా అనకపోగా కడవతో నీళ్లు కూడా పంపేవాడట. నేల బిగిసిన ఏట మాత్రం గుంటక తోలి ముగించే దాకా కర్ర పట్టుకొని గట్టు మీద కాపలా ఉండేవాడట. చివరన ఆయన ఒక ప్రశ్న వేశారు: "మీ కథ జరిగిన ఏట పీకేనాటికి వాన పడిందా, లేదా?"

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. నేలకు పదును లేని ఏట కూలి పని కూడా దొరకదు కనుక పరిగె కాయలే ఇంటిల్లిపాదికీ కూడు అయ్యేవని మా అవ్వ చెప్పిన మాటను, పుస్తకం ఒక చుట్టు తిరిగి మళ్లీ నా దగ్గరికి వచ్చిన తరువాతి విడతలో ఆయన పుటల కిందనే రాశాను. ఆయన తన తండ్రి మీద కథ రాసి పంపారు. నేను నా కథను వాన లేని ఏటికి జరిపి, ఆసామికి రెండు పుటలు ఇచ్చి తిరిగి రాశాను. ఒకే గట్టుకు ఇటు ఒకరి అవ్వ, అటు ఇంకొకరి తండ్రి ఉన్న సంగతి మా ఇద్దరికీ ఈ పుస్తకం వల్లనే తెలిసింది. ముఖపరిచయం ఉన్నవాళ్లెవరూ నా కథకు ఇంత మేలు చేయలేదు.

అయితే ఈ మెప్పు అన్ని రచనలకూ వర్తించదు. పద్యాలకు, వచన కవితలకు ఎదురుగా ఎడమ పుట చాలాసార్లు ఖాళీగానే వస్తుంది, లేదా "బాగుంది" అన్న ఒక్క మాటతో వస్తుంది. కవులు మాలో నిలవకపోవడానికి అదే కారణమని నా అనుమానం. పుస్తకం ఒకరి దగ్గర నెలల తరబడి ఆగిపోవడం కూడా ఉంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపిన తరువాత దారిలో పట్టే కాలం తగ్గింది గాని, బల్ల మీద పట్టే కాలం తగ్గలేదు.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. ఏడాదికొకసారి కలుసుకోవాలని కొందరు పట్టుబట్టగా, కడపలోని సి.పి. బ్రౌన్ గ్రంథాలయం దగ్గర కలవడం మొదలుపెట్టాం. వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన బ్రౌన్, ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పండితులకు జీతమిచ్చి పాఠాలను సరిచూయించినవాడు కనుక చోటు తగినదే. అక్కడ దొరికిన స్నేహాలు కూడా నిజమైనవే. కాని ఆదోని చదువరిని నేను అన్నా అని పిలవడం మొదలైనప్పటి నుంచి ఆయన కథల పక్కన నా పెన్సిలు జంకుతోంది. అనంతపురం ఆయన కూడా ఈ మధ్య నాకు మూడు పుటలు రాయడం లేదు, "మీరు బాగా రాశారు సార్" అంటున్నారు. కొత్తగా చేరేవారిని కనీసం రెండు విడతలు తిరిగే వరకు కలయికకు పిలవవద్దని నేను ప్రతిపాదించాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు నొచ్చుకున్నారు.

నేను ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి, అచ్చులో పేరు చూసుకోవాలన్న తొందర లేనివాణ్ణి, రాసేది వచనమే. ఈ మూడూ కలిసినందువల్ల నాకు ఇది సరిపోయింది. అచ్చుకు పంపేముందు వారంలోగా అభిప్రాయం కావాలనుకొనేవారికి, కవిత్వం మాత్రమే రాసేవారికి నేను దీన్ని గట్టిగా సిఫారసు చేయలేను. కథ రాస్తూ, అందులో ఎవరికో రెండే మాటలు ఇచ్చానేమో అన్న అనుమానం ఉన్నవారు మాత్రం ఒక విడత తిరిగి చూడవచ్చు.