పదిహేనేళ్ళ ఎస్‌ఎక్స్4: ఛాంబర్ తగలని బండి

కారు కింద రాయి గీసుకున్న చప్పుడు వింటే గుండె ఎలా జారుతుందో ఏటిగట్టు మీద నడిపినవాళ్ళకి తెలుసు. కొబ్బరికాయల లోడుతో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడులు పడతాయి, మధ్యలో మట్టి దిబ్బలా లేచి ఉంటుంది. మా తోడల్లుడుగారి కారు ఆ దిబ్బ మీదే రెండుసార్లు ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే గిన్నె) పగలగొట్టుకుంది. మేం 2010లో కొన్న మారుతి ఎస్‌ఎక్స్4 పెట్రోల్ బండికి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఛాంబర్ తగల్లేదు. సెడాన్‌ని నేలకి 190 మిల్లీమీటర్ల ఎత్తున పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, పి.గన్నవరం లంకల దారులు చూసి పెట్టినట్టే ఉంటుంది. సీటూ ఎత్తే. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంటుంది.

ఆ ఎత్తు మీద నమ్మకంతోనే ఓసారి తప్పు చేశాను. అక్టోబరు వాన, రెండ్రోజులు తెరిపి లేదు. అమ్మని అమలాపురంలో కంటి డాక్టరుకి చూపించి వస్తుంటే, ఊరి ముందు మురుగు కాలవ పొంగి రోడ్డు మీద పారుతోంది. తాటిచెట్ల వరస చూసుకుంటే తప్ప రోడ్డేదో కాలవేదో తెలియదు. ఒడ్డున నిలబడ్డ కుర్రాడు "మోకాలి లోతే అండి, మీది ఎత్తు బండి కదా, ఎల్లిపోద్ది" అన్నాడు. మొదటి గేరులో, యాక్సిలరేటర్ వదలకుండా, మెల్లగా దిగాను. నీళ్ళు బంపరుకి తగిలి అలలా విడిపోయాయి. నిజంగానే దాటేసింది. ఆ సాయంత్రమంతా ఇంట్లో బండిని పొగుడుతూనే ఉన్నాను.

మూడో రోజు తలుపు తీస్తే నానబెట్టిన కొబ్బరి పీచు కంపు. కార్పెట్ పైన పొడిగానే ఉంది, వేలితో నొక్కితే మడ్డి నీళ్ళు ఊరాయి. సీట్లు ఊడదీసి, కింద మందంగా ఉండే పీచుపొరని నాలుగు రోజులు అరుగు మీద ఎండబెట్టాం. ఇంకో పదిహేను రోజులకి ముందు చక్రం దగ్గర రొద మొదలైంది. అది బేరింగ్. మార్చిన మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజన్ గాలి పీల్చే గొట్టం మీద వేలు పెట్టి చూపించాడు: "ఆయ్, నీళ్ళు ఇక్కడిదాకా వచ్చుంటే ఇంజన్‌లోకి లాగేసును. కనెక్టింగ్ రాడ్డు వంగిపోయేదండి." అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చేశానే అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి నేను మెచ్చుకునే ఎత్తు దిబ్బలకీ గుంతలకీ సంబంధించింది, నీళ్ళకి కాదు. అదీ బరువు మితంగా ఉన్నప్పుడే. సంక్రాంతికి ఐదుగురం ఎక్కి, డిక్కీలో రెండు బస్తాల కాయలు వేస్తే వెనక దిగిపోతుంది, సైలెన్సర్ గీసుకున్న రోజులూ ఉన్నాయి.

మైలేజీ అంటారా, గట్టు మీద రెండో గేరులో పాకేటప్పుడు లీటరుకి 10 దాటదు. రావులపాలెం దగ్గర హైవే ఎక్కితే 14 దాకా వస్తుంది. మాకు నెలకి ఐదారు వందల కిలోమీటర్లు మించవు కనక సరిపోతోంది, రోజూ రాజమండ్రి వెళ్ళొచ్చేవాళ్ళకి నేను చెప్పను. 2014లో ఈ మోడల్ ఆగిపోయింది. ఇంజన్ సామానుకి ఇబ్బంది లేదు గానీ, వెనక లైటు పగిలితే పాత సామాను కొట్లో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆర్‌సీకి పదిహేనేళ్ళు నిండితే ఇంకో ఐదేళ్ళకి రెన్యూవల్ చేయించాను. హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయి కొత్తది కొనమంటాడు. వాడికి సిమెంటు రోడ్డు, పక్కన మోకాళ్ళ నొప్పులు లేని భార్య, వాడి లెక్క వాడికి సరైనదే.

ఎవరైనా ఇటువైపు పాతది కొనాలనుకుంటే పెయింటు తర్వాత చూడండి, ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి వాసన చూడండి.