మిద్దె మీద డెక్‌కు వైరింగ్ చేయిస్తున్నారా? ‘డైరెక్ట్ ఇచ్చేసినా’ అనేవాళ్లతో జాగ్రత్త

మిద్దె మీద చెక్క డెక్ వేయించుకుని లైట్లు, ఫ్యాను, ప్లగ్ పాయింటు పెట్టించుకోవాలనుకుంటున్న తిరుపతి, చిత్తూరు వాళ్లందరికీ ఈ హెచ్చరిక. డెక్కు, వైరింగు కలిపి ఒకే ప్యాకేజీ అనేవాళ్లకు అడ్వాన్సు ఇచ్చే ముందు దయచేసి చివరిదాకా చదవండి. అలాంటి పని వల్ల మా అమ్మకు కరెంటు షాక్ కొట్టింది. ప్రాణం దక్కింది. అది మా అదృష్టం తప్ప పని చేసినవాళ్ల గొప్పతనం కాదు.

మాది రేణిగుంట రోడ్డు వైపు. మిద్దె మీద డెక్, చుట్టూ స్టీలు రెయిలింగు, పైన ఇనుప పైపుల పందిరి, ఆ పైపుకే బిగించిన ఇనుప ఫ్యాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. చెక్క పని బాగానే చేశారు, దానికి వంక పెట్టను. ప్రమాదమంతా పలకల కింద దాగిన వైర్లలో ఉంది.

ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ లేదు. అక్టోబరులో వానలు మొదలవగానే మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) పడిపోసాగింది. ఎత్తితే కాసేపు నిలబడేది, చినుకు పడితే మళ్లీ పడిపోయేది. ఫోన్ చేస్తే వాళ్ల మనిషి వచ్చి బోర్డు విప్పి ఏదో మార్చి, “వానలప్పుడు ఇట్టా పడతానే ఉంటాది సార్. మిద్దె లైను డైరెక్ట్ ఇచ్చేసినా, ఇంక టెన్షన్ లేదు” అని చెప్పి పోయాడు. ‘డైరెక్ట్’ అంటే మిద్దె లైనును ఆర్‌సీసీబీ గుండా పోనివ్వకుండా కలిపేయడం. నిజంగానే ఆ తర్వాత అది పడలేదు.

వాయుగుండం పట్టి ముసురు కాస్త తెరిపిచ్చిన ఒక పొద్దున అమ్మ బట్టలు ఆరేయడానికి మిద్దెక్కింది. ఫ్యాను స్విచ్ వేస్తే తిరగలేదు. కరెంటు పోయిందనుకుని స్విచ్ అట్లే వదిలేసి, తడి కాళ్లతో రెయిలింగు పట్టుకుంది. చెయ్యి అతుక్కుపోయింది. కాలు జారి వెనక్కి పడింది కాబట్టే చెయ్యి విడిపడింది. ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాం. గుండెకు ఏమీ కాలేదన్నారు. చేతి తిమ్మిరి మాత్రం చాలా రోజులు ఉండింది.

తర్వాత చంద్రగిరి నుంచి లైసెన్సు ఉన్న ఒక పెద్దాయనను పిలిపించి పలకలు ఎత్తించాం. వైర్ల అతుకులకు ఒక్క పెట్టె కూడా లేదు, ఉత్త టేపు చుట్టి వదిలేశారు. నీళ్లు చేరి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) అతుకు పచ్చగా చిలుము పట్టి తెగిపోయింది. ఫ్యాను ప్లగ్‌లో ఎర్త్ పిన్నుకు అసలు ఎర్త్ వైరే లేదు. న్యూట్రల్ నుంచి చిన్న ముక్క లాగి దానికి కలిపేశారు. ఇది ఎంత ఘోరమో ఆయన చెబితే తెలిసింది. న్యూట్రల్ తెగితే ఫ్యానులోకి వెళ్లిన కరెంటు తిరిగి వెళ్లే దారి లేక, ఆ ముక్క గుండా ఫ్యాను బాడీకి, పైపుకు, రెయిలింగుకు పాకుతుంది. ఫ్యాను తిరగదు, ఇనుము మాత్రం కొడుతుంది. బిల్లులో 2.5 స్క్వేర్ ఎంఎం అని రాసిన వైరు కూడా సన్నదే దొరికింది.

ఇన్ని తప్పులున్నా ఆర్‌సీసీబీని తప్పించకుండా ఉండి ఉంటే అమ్మకు అంత దెబ్బ తగిలేది కాదు. అందుకే నాకు అన్నిటికంటే ఆ ‘డైరెక్ట్’ మీదే కోపం. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని ఆ పరికరం చూస్తూ ఉంటుంది. ఇళ్లలో పెట్టే రకం 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే 0.3 సెకన్ల లోపు సరఫరా ఆపేస్తుంది. ఎంసీబీ (లోడు మితిమీరితే పడే స్విచ్చు) ఉంది కదా అనుకోవద్దు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. అది వైరు కాలిపోకుండా చూస్తుంది, మనిషిని కాపాడలేదు. వానలో ఆర్‌సీసీబీ పడుతోందంటే ఎక్కడో కరెంటు లీకు ఉందని చెబుతున్నట్టు. లీకు వెతకాల్సిన మనిషి కాపలాదారునే పంపించేశాడు.

మీ ఇంట్లోనూ ఇట్లా చేశారేమో ఇప్పుడే చూసుకోవచ్చు. మిద్దె మీద లైటు వేసి ఉంచి, కింద ఆర్‌సీసీబీ మీదున్న ‘టీ’ (టెస్ట్) బటన్ నొక్కండి. అది పడిపోవాలి. పడకపోతే ఆర్‌సీసీబీయే చెడిపోయి ఉండొచ్చు, చూపించి మార్పించండి. పడినా పైన లైటు వెలుగుతూనే ఉంటే ఆ లైను మీ ఆర్‌సీసీబీ గుండా రావడం లేదు. రెయిలింగు తాకకుండా, మిద్దె ఎంసీబీ దించేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కొత్తగా చేయించేవాళ్లు మిద్దెకు విడిగా ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టమనండి. పైన లీకైనా కింద ఫ్రిజ్ ఆగదు, దాంతో ‘డైరెక్ట్’ మాటే రాదు. పలకల కింద లైట్లకు 230 వోల్టులు ఎందుకు? 12 లేదా 24 వోల్టుల లైట్లు తీసుకుని, డ్రైవర్‌ను (వోల్టేజీ తగ్గించే పెట్టెను) ఇంటి లోపల పొడిచోట పెట్టించండి. బయటి పెట్టెలు ఐపీ65 రకం (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోనివ్వనివి) కావాలి. వైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 (వైర్ల ప్రమాణం నంబరు), సైజు అచ్చు వేసి ఉంటాయి. ఐఎస్ఐ గుర్తు దగ్గరున్న లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడొచ్చు. అలిపిరి, కపిలతీర్థం వైపు వాళ్లకు కోతుల సంగతి నేను చెప్పాల్సిన పని లేదు, వేలాడే వైరు ఒక్కటి కూడా ఉండనివ్వకండి. పలకలు బిగించే ముందు ప్రతి అతుకూ ఫోటో తీసుకోండి. దానికి ఒప్పుకోని వాళ్లకు పని ఇవ్వొద్దు.

చెక్క పని చేసేవాళ్లే వైరింగూ చేస్తామంటే లైసెన్సు నకలు అడగండి. ఇంట్లో కొత్త వైరింగు లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో ఉంది. మాకు పని చేసినవాళ్లు ఆ కాగితం అడిగినప్పటి నుంచీ ఫోన్ ఎత్తడం లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తున్నాం. రెండేళ్ల లోపు వెళ్లాలి, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. డెక్ ప్యాకేజీలో ఇట్లాంటి పనే జరిగినవాళ్లు ఉంటే బిల్లు, వాట్సాప్ మాటలు, ఫోటోలు పారేయకుండా దాచుకోండి.