పెన్నీ డ్రెడ్‌ఫుల్ ముగింపు: మోసమా, న్యాయమా?

2016 జూన్ 19న పెన్నీ డ్రెడ్‌ఫుల్ అనే భయానక టీవీ సిరీస్ మూడో సీజన్ చివరి రెండు భాగాలు ఒకేసారి ప్రసారమయ్యాయి. తెర మీద ‘సమాప్తం’ పడేదాకా కథ ముగిసిపోతోందని ప్రేక్షకులకు తెలియదు.

కొందరికి అది మోసం. డాక్టర్ జెకిల్ పాత్రను కొత్తగా దించి, హైడ్ అన్న బిరుదు దక్కడంతోనే ఆపేశారు. డ్రాక్యులా ప్రాణాలతో జారుకున్నాడు. కొత్తగా వచ్చిన కత్రియోనా అనే పాత్ర ఎవరో సరిగా తెలియనే లేదు. ముగించదలచినవాళ్లు ఇన్ని కొత్త ముడులు వేస్తారా అని వారి నిలదీత. సమాధానం చెప్పడం కష్టమే.

మిగతావారు కథానాయిక వెనెస్సానే చూశారు. కథ ఆమెది, ప్రేమించిన ఈథన్ చేతిలోనే ఆమె మరణించాక సాగదీయడానికేముంది? రూపకర్త జాన్ లోగన్ మాటా అదే. నేనూ ఇటే మొగ్గుతాను, కాకపోతే ఆమె కథ అన్నప్పుడు చివరి భాగంలో ఆమె కనిపించేది అంత కొద్దిసేపా?