ఆంకీలో జలగల జాబితా: ఇంగ్లిష్ పదాల కోసం ఏళ్ల తరబడి వాడాక

ఆంకీ అంటే ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు ఉండే కార్డులతో చదివించే యాప్. దాని గురించి ఎవరు రాసినా ముందు చెప్పేది ఒకటే, మర్చిపోబోయే సమయానికి గుర్తుచేస్తుందని. నిజమే. మరపు మీద జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ప్రయోగాలు, కార్డు మళ్లీ ఎప్పుడు చూపాలో తేల్చే 1987 నాటి ఎస్‌ఎం-2 లెక్క, అదే పనికి 2023లో ఆంకీలోకి కొత్తగా వచ్చిన ఎఫ్ఎస్ఆర్ఎస్ లెక్క, ఇవన్నీ యూట్యూబ్‌లో కావలసినంత దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. కొన్నేళ్లుగా ఇంగ్లిష్ పదాల కోసమే దీన్ని వాడుతున్నాను. నాకు దీని మీద ఇంత అభిమానం కలగడానికి కారణం మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక ఫీచర్. దాని పేరు లీచ్. అంటే జలగ.

నేను నల్లగొండలో ఉంటాను. దేవరకొండ రూట్లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. నా చదువు పదో తరగతి దాకా తెలుగు మీడియమే. పాఠాలు చెప్పడానికి ఇబ్బంది లేదు కానీ, ఇంగ్లిష్ పేపర్లో ఎడిటోరియల్ తెరిస్తే పేరాకు రెండు చోట్ల ఆగిపోయేదాన్ని. నవలలు, వార్తాపత్రికలు డిక్షనరీ అవసరం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలిసి ఉండాలని న్యూజీలాండ్ భాషావేత్త పాల్ నేషన్ 2006లో లెక్క వేశారు. ఒక పదమూ, దాన్నుంచి పుట్టిన రూపాలూ కలిపి ఒక కుటుంబం. అది చదివాక నేను ఇంకా ఎంత దూరం పోవాలో తెలిసింది. ఊరికే చదువుతూ పోతే సరిపోదని కూడా అర్థమైంది.

ఆండ్రాయిడ్‌లో యాప్ ఉచితం, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి మా రూట్లో పొద్దున సీటు దొరకడం కష్టం. ఒక చేత్తో రాడ్ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో కార్డులు తిప్పేయవచ్చు. పుస్తకంతో అది కుదరదు.

ఇక జలగ సంగతి. ఒక పదం వచ్చేసిందనుకున్నాక కూడా మళ్లీ మళ్లీ మర్చిపోతుంటే యాప్ ఆ తప్పులు లెక్కపెడుతుంది. సెట్టింగ్స్ మార్చకపోతే 8వ సారి తప్పగానే ఆ కార్డుకు లీచ్ అని ముద్ర వేస్తుంది. మన టైమంతా అదొక్కటే పీల్చేస్తోందని దాని అర్థం. ముద్ర మాత్రం వేసి ఊరుకోవాలా, లేక కార్డును పూర్తిగా పక్కన పెట్టేయాలా అన్నది మన ఇష్టం. నేను పక్కన పెట్టేయమనే పెట్టుకున్నాను.

మొదట్లో ఒక్కో కార్డు అలా మాయమవుతుంటే మనసు చివుక్కుమనేది. తర్వాత ఒక ఆదివారం ఆ ముద్ర పడ్డవన్నీ వెతికి ఒకే స్క్రీన్ మీద చూశాను. చూస్తే చాలావరకు జంటలు జంటలుగా ఉన్నాయి. వీనల్ ఉన్న జాబితాలోనే వీనియల్ ఉంది. మొదటిది డబ్బుకు అమ్ముడుపోయే మనిషికి వాడేది, రెండోది క్షమించదగ్గ చిన్న తప్పుకు వాడేది. ఇంజీనియస్, ఇంజెన్యువస్ రెండూ ఉన్నాయి. ఒకటి తెలివితేటలకు, ఇంకొకటి కపటం లేని అమాయకత్వానికి. మిటిగేట్, మిలిటేట్. ప్రిస్క్రైబ్, ప్రోస్క్రైబ్. వీటిలో ఏ ఒక్క పదం కూడా విడిగా చూస్తే కష్టమైనది కాదు. ఒకదాన్ని పోలిన ఇంకొకటి పక్కనే ఉండి రెండింటినీ కలగాపులగం చేస్తోంది. నేను ఎన్నిసార్లు చదివినా తప్పుతున్నది జ్ఞాపకశక్తి తక్కువై కాదని ఆ రోజు తెలిసింది. నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. జంటలో రెండు కార్డులూ తీసేస్తాను. కొన్నాళ్లు ఆగి, రెండు పదాలనూ ఒకే కార్డు మీద ఖాళీలున్న వాక్యంగా రాస్తాను. ఏ ఖాళీలో ఏది పెట్టాలో నేనే తేల్చుకోవాలి. పదం పుట్టుక తెలిస్తే ఇంకా గట్టిగా నిలుస్తుంది. వీనల్ వెనక ఉన్న లాటిన్ మాటకు అమ్మకం అని, వీనియల్ వెనక మాటకు క్షమించడం అని అర్థం. ప్రోస్క్రైబ్ వెనక రోమ్ చరిత్రే ఉంది. క్రీ.పూ. 82లో రోమ్ నియంత సుల్లా తన శత్రువుల పేర్లు రాయించి నలుగురూ చూసే చోట పెట్టించాడు. ఆ జాబితాలో పేరున్నవాడిని ఎవరైనా చంపవచ్చు. నిషేధించడం అనే అర్థం అక్కడి నుంచి వచ్చింది. ఇది చదివాక డాక్టర్ చీటీతో దాన్ని కలిపేసే అవకాశమే లేదు.

అన్నిటికన్నా ఎక్కువ సతాయించిన జంట పోటబుల్, పాలటబుల్. మొదటిది తాగడానికి పనికొచ్చే నీళ్లకు, రెండోది నోటికి హితవుగా ఉండేదానికి. దొరికిన ఉదాహరణలన్నీ ఏదో హోటల్ సూప్ గురించి, ఏదో ఓడలోని నీళ్ల గురించి. వాటిని చెరిపేసి మా జిల్లాలోనే మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ల మీద నేనే ఒక వాక్యం రాసుకున్నాను. మా అమ్మమ్మ ఊరు అటువైపే. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గ్లాసులో పోస్తే నీళ్లు తేటగా కనబడతాయి, ఎండలో వచ్చినవాళ్లకు హాయిగా గొంతు దిగుతాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావని మన దేశంలో ప్రమాణం. ఆ నీళ్లే ఏళ్ల తరబడి తాగి మా అమ్మమ్మ మోకాళ్లు వంగిపోయాయి, పండ్ల మీద గోధుమరంగు చారలు పడ్డాయి. ఆ నీళ్లు పాలటబుల్, కానీ పోటబుల్ కావు. కార్డు మీద ఇంగ్లిష్‌లో రాసుకున్నది ఇంతే. ఆ తర్వాత ఆ కార్డు ఎప్పుడూ తప్పలేదు.

అక్కడి నుంచే ఇంకో దారి దొరికింది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. దాని గురించి ఇంగ్లిష్‌లో ఉన్న వ్యాసాలు పట్టుకుని చదివాను. ఫ్లాక్యులేషన్, సెడిమెంటేషన్, ఎండెమిక్, ఇలాంటి పదాలన్నీ బట్టీ పట్టకుండానే వచ్చేశాయి. మా జిల్లా బాధ గురించి చదువుతున్నాను కదా, మధ్యలో ఆపబుద్ధి కాలేదు.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సంగతులు చెప్పాలి. మర్చిపోబోయే సమయానికి గుర్తుచేస్తుందన్నది నిజమే అన్నాను. అది కార్డు ముందున్నంతవరకే పూర్తి నిజం. ఎక్కడైనా కనబడితే గుర్తుపడతాను, వాక్యం అర్థమవుతుంది. అవే పదాలు నేను రాసేటప్పుడు, మాట్లాడేటప్పుడు సమయానికి రావు. ఎడిటోరియల్ చదవడం ఇప్పుడు నాకు సులువైంది, ఎడిటోరియల్‌లాంటిది రాయడం ఇంకా కాలేదు.

రోజూ తెరిస్తేనే ఇది సుఖం. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడ్డప్పుడల్లా నాకు వరస తప్పుతుంది. తిరిగి తెరిచేసరికి బాకీ కార్డులు వందల్లో ఉంటాయి. అప్పుడు కొత్త పదాలు ఆపేసి పాతవే కొద్దికొద్దిగా తీర్చుకుంటాను. మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులని ఉంటుంది, ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకు అది చాలా ఎక్కువ. నేను 5కు తగ్గించుకున్నాను.

రెడీమేడ్ డెక్కుల మీద, అంటే ముందే తయారై ఉన్న కార్డుల కట్టల మీద మాత్రం నాకు కోపమే. ఎవరో తయారుచేసి పంచిన డెక్ ఒకటి మొదట్లో ఎక్కించుకున్నాను. ఒక్కో పదానికి ఒక్కటే అర్థం, ఉదాహరణ లేదు. ఫ్రూగల్‌కూ పార్సిమోనియస్‌కూ ఒకే మాట రాసి ఉంది. పొదుపరి అని మెచ్చుకోవడానికి మొదటిది వాడతారు, పిసినారి అని తిట్టడానికి రెండోది. ఆ తేడా తెలియకుండా పదం నేర్చుకుంటే ఎవరినో నొప్పించడం ఖాయం.

మా తమ్ముడు జీఆర్ఈకి చదువుతున్నాడు. మొన్న ఫోన్ చేసి, "అక్కా, సీనియర్లు ఇచ్చిన లిస్టంత ఎక్కిచ్చిన. పదాలైతే వస్తున్నయి గని ప్రశ్నల కాడ పనికొస్తలేవు" అన్నాడు. ఆ లిస్టు చూస్తే పాత పరీక్ష కోసం తయారైనది. వ్యతిరేక పదాలు, అనాలజీ ప్రశ్నలు 2011 ఆగస్టులోనే తీసేశారు. 2023 సెప్టెంబర్ నుంచి వెర్బల్‌లో ఉన్నవే 27 ప్రశ్నలు, పదం తెలియాల్సింది వాక్యంలో దాని చోటును బట్టి. "లిస్టు పక్కన పెట్టురా, నువ్వు తప్పిన ప్రశ్నల్లో ఉన్న వాక్యాలే కార్డులు చేసుకో" అని చెప్పాను. వాడికి 8 తప్పుల దాకా ఆగే టైం కూడా లేదు. పోయిన వారం ఇంటికొచ్చినప్పుడు వాడి ఫోన్‌లో జలగ లెక్కను 4కు దించాను.

నాకు పరీక్ష లేదు, తొందర లేదు, బస్సులో రోజూ కొంత టైం దొరుకుతుంది కాబట్టి ఇది బాగా కుదిరింది. ఒకటి రెండు నెలల్లో పరీక్ష ఉన్నవాళ్లు దీన్ని కొత్తగా మొదలుపెట్టడం కన్నా పాత ప్రశ్నపత్రాలు చేసుకోవడం మేలేమో. ఐఫోన్ ఉన్నవాళ్లు యాప్‌కు డబ్బు కట్టాలి. కంప్యూటర్‌లో ఉచితమే కాబట్టి ముందు అందులో కొన్నాళ్లు వాడి, జలగల జాబితా ఒకసారి తెరిచి చూశాక కొనాలో వద్దో తేల్చుకోండి.