మేకకు పోతు మేలా, సూది మేలా?

ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల మేకలు పెంచేవాళ్ళలో ఒక ఆలోచన తిరుగుతోంది. ఆవుకు సూది (దాచిన వీర్యంతో చూలు కట్టించడం) వేయిస్తే మంచి దూడ పుడుతున్నప్పుడు మేకకూ అదే చేయించవచ్చు కదా, ఏడాదంతా పోతును మేపే ఖర్చు తప్పుతుంది కదా అని. సబబైన ఆలోచనే. గంజాం అనే మేక జాతిని తరాలుగా కాపాడుకొస్తున్నది ఈ సరిహద్దు గొల్లలే. నల్లటి ఒళ్ళు, పొడుగు కాళ్ళు, నిటారుగా పైకి లేచిన కొమ్ములు ఉన్న ఆ మేక మందను చూలు కట్టించే ప్రతి కొత్త పద్ధతినీ గట్టిగా తూచి చూడాలి. నా మాట ముందే చెప్పేస్తాను. ఆవుకు సూదే మేలు. మేకకు మాత్రం మంచి పోతే మేలు. కారణం పోతు వీర్యంలోనే ఉంది.

ఆవు సంగతి త్వరగా తేలిపోతుంది. ఆంబోతు ఒక్కసారికి 5 నుంచి 8 మిల్లీలీటర్ల వీర్యం ఇస్తుంది. దాన్ని కోడిగుడ్డు పచ్చసొన, గ్లిసరాల్ కలిపిన ద్రావణంతో పలుచన చేసి, స్ట్రాలనే సన్నని గొట్టాల్లో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు. మన దేశంలో ఒక్కో స్ట్రాలో 2 కోట్ల వీర్యకణాలు ఉండేలా చూస్తారు. కరిగించాక వాటిలో సగమైనా చురుగ్గా ముందుకు కదలాలి. పచ్చసొనలోని కొవ్వు పదార్థాలు చలిదెబ్బ తగలకుండా కణం పొరను కాపాడతాయి. పైగా వీర్య కేంద్రాల్లోని ఆంబోతులకు చూలు పోగొట్టే బ్రూసెల్లోసిస్, క్షయ లాంటి జబ్బుల పరీక్షలు క్రమం తప్పకుండా చేస్తారు. ఊళ్ళో తిరిగే ఆంబోతుకు ఆ పరీక్షలు ఎవరు చేయిస్తారు? ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. కొండ ఊళ్ళ చిన్న ఆవుకు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే పెద్ద విదేశీ జాతి) సూది వేస్తే దూడ పెద్దదై ఈత కష్టమవుతుంది. ఏ జాతి స్ట్రా వేస్తున్నారో అడిగి వేయించుకోవాలి.

మేక దగ్గరకొచ్చేసరికి అదే పచ్చసొన ఎదురు తిరుగుతుంది. పోతుకు మూత్రనాళం పక్కన ఒక జత చిన్న గ్రంథులుంటాయి. వాటినుంచి వీర్యంలోకి ఫాస్ఫోలైపేజ్ అనే ఎంజైమ్ వస్తుంది. అది పచ్చసొనలోని లెసిథిన్‌ను విరగ్గొట్టి లైసోలెసిథిన్‌గా మారుస్తుంది. ఈ లైసోలెసిథిన్ వీర్యకణాలకు విషం. అంటే కాపాడాలని కలిపిందే చంపుతుంది. పోనీ పచ్చసొన మానేసి వెన్న తీసిన పాలు వాడదామంటే, ఆ గ్రంథుల్లోంచే వచ్చే లైపేజ్ పాలలో మిగిలిన కొవ్వును విరగ్గొడుతుంది. అప్పుడు విడుదలయ్యే ఒలీక్ ఆమ్లం కూడా కణాలకు చేటే. ఆవు వీర్యానికి ఈ బాధ లేదు. అందుకే ఆవుకు పనికొచ్చిన పద్ధతి ఉన్నదున్నట్టుగా మేకకు పనికిరాదు.

దీనికి శాస్త్రజ్ఞులు దారులు కనిపెట్టారు. వీర్యాన్ని సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో వేగంగా తిప్పి, ఎంజైమ్ ఉన్న ద్రవాన్ని తీసేసి, కణాలను కడిగి వాడటం ఒకటి. పచ్చసొన పాళ్ళు బాగా తగ్గించడం, దాని బదులు సోయా లెసిథిన్ వాడటం ఇంకో దారి. ఇవి పనిచేస్తాయి. అయితే కడగడంలోనూ, గడ్డకట్టించడంలోనూ, మళ్ళీ కరిగించడంలోనూ కొన్ని కణాలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఆ దెబ్బ ఎంతో చెప్పేవి కూడా ఎంజైమ్‌లే. కాలేయం బాగోలేనప్పుడు డాక్టరు రాసే రక్తపరీక్షలో ఏఎస్‌టీ అని ఒకటి ఉంటుంది కదా, పాత పేరు ఎస్‌జీఓటీ. అది వీర్యకణంలోనూ ఉంటుంది. కణం పొర చిరిగితే అది బయటి ద్రవంలోకి కారుతుంది. అక్కడ ఏఎస్‌టీ, అలాంటిదే ఇంకో ఎంజైమ్ ఎల్‌డీహెచ్ పెరిగాయంటే కణాలు చితికాయన్నమాట. ఇంకా ముఖ్యమైనవి కణం తలమీది టోపీలో దాగి ఉండే హయాలురోనిడేజ్, అక్రోసిన్. అండం చుట్టూ ఉన్న పొరలు దాటడానికి అవి కావాలి. టోపీ ముందే పగిలి అవి కారిపోతే, మైక్రోస్కోప్‌లో కణం బాగానే ఈదుతూ కనిపిస్తుంది గానీ అండంలోకి దూరలేదు. కదలిక బాగుందన్న స్ట్రా వేయించినా మేక తిరగపొర్లడానికి, అంటే చూలు నిలవక మళ్ళీ ఎదకు రావడానికి, ఇదీ ఒక కారణం కావచ్చు. ఈ పరీక్షలు ల్యాబులో చేసేవి. మన పాక దగ్గర స్ట్రా చూసి మనం తేల్చుకోగలిగింది కాదు.

పోతు విషయంలో ఈ తతంగమే లేదు. ఇచ్చేది మిల్లీలీటరు అటూ ఇటే, కానీ ఆ మిల్లీలీటరులో 200 నుంచి 400 కోట్ల కణాలుంటాయి. గడ్డకట్టించడం, కడగడం లేవు. ఎద గుర్తించే పనీ దానిదే. మేక ఎద ఒకటి ఒకటిన్నర రోజుకు మించి నిలవకపోవచ్చు, మేత హడావిడిలో మనం చూసేలోపే దాటిపోవచ్చు. నత్రజని క్యాన్ పట్టుకుని మనిషి కొండెక్కి వచ్చేసరికి ఆ వేళ మించిపోతుంది. మేక గర్భాశయ ముఖద్వారం కూడా మడతలు మడతలుగా ఉంటుంది. ఆవులోలా వీర్యం వదిలే గన్ను లోపలిదాకా పోదు, ముఖం దగ్గరే వదిలితే చూలు నిలిచే అవకాశం తగ్గుతుంది. 25, 30 మేకలకు ఒక్క పోతు చాలు.

అలాగని ఏ పోతైనా మేలని నేను అనడం లేదు. మన దగ్గర జరుగుతున్న పెద్ద తప్పు ఇక్కడే. బాగా ఎదిగిన పోతుపిల్లకు ముందు బేరం వస్తుంది. దసరాకో, జాతరకో అది అమ్ముడైపోతుంది. మిగిలిన బక్కదే మందను దాటుతుంది, అంటే మేకలను చూలు కట్టిస్తుంది. అలా ఏటేటా మేలైన రక్తాన్ని మనమే బయటికి పంపేస్తున్నాం. బాగా ఎదిగిన పిల్లల్లో ఒక్కదాన్నైనా, ఎంత ధర పలికినా, మందకు ఉంచాలి. కవల ఈతలో పుట్టినదైతే మరీ మంచిది. వృషణాలు రెండూ ఒకే పరిమాణంలో, గట్టిగా, సంచిలో సులువుగా కదిలేలా ఉండాలి. ఒకటి చిన్నదైతే వద్దు. దాని కూతుళ్ళు ఎదకు వచ్చేలోపే పక్క ఊరి మందతో పోతును మార్చుకోవాలి. జబ్బుల మాటా మరవకూడదు. ఈసుకుపోయే (నెలలు నిండకుండా చూలు పోయే) మేకలున్న మందనుంచి పోతును తెచ్చుకోవద్దు, తెచ్చేముందు పశువుల డాక్టరుతో బ్రూసెల్లా పరీక్ష చేయించాలి.

ఎండాకాలం ఇంకో గండం. వృషణాలు ఒంటికన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యం బాగా తయారవుతుంది. వేడి పెరిగితే కణాల్లో ఆక్సీకరణ దెబ్బ ఎక్కువవుతుంది. దాన్ని అడ్డుకునేవి సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్, గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌లు. మొదటి దాని తయారీకి రాగి, జింకు కావాలి, చివరిదానికి సెలీనియం కావాలి. పోతులో ఒక వీర్యకణం తయారవడానికి ఏడు వారాలు పడుతుంది కాబట్టి, మే ఎండ దెబ్బ జూన్, జూలైలో బయటపడుతుంది. మందను దాటించే కాలానికి రెండు నెలల ముందునుంచే నీడ, పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం అందించాలి. దాటించే రోజు పెట్టే దాణా అప్పటికి ఆలస్యం.

మరి మేకకు సూది ఎప్పుడు? మందలోకి దూరపు రక్తం తేవాలనుకున్నప్పుడు. దగ్గర్లో మంచి పోతు దొరకనప్పుడు, ఎద కనిపెట్టే మనిషి, అనుభవమున్న చేయి రెండూ అందుబాటులో ఉన్నప్పుడు కొన్ని మేకలకు వేయించి, వాటికి పుట్టిన పోతుపిల్లను పెంచుకోవచ్చు. మధ్యేమార్గం ఇంకొకటుంది. పోతు వీర్యాన్ని గడ్డకట్టించకుండా పలుచన చేసి, 4, 5 డిగ్రీల చల్లదనంలో ఉంచి ఒకటి రెండు రోజుల్లో వాడేయడం. దగ్గర్లో వసతి ఉన్న పశువైద్యశాల ఉంటే నేను స్ట్రాకన్నా ముందు దీన్నే అడుగుతాను. స్ట్రాయే వేయిస్తే, క్యాన్‌లోంచి తీశాక 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్ళలో అర నిమిషం ఉంచుతున్నారో లేదో దగ్గరుండి చూడండి. చంకలోనో, జేబులోనో కరిగిస్తుంటే అక్కడే ఆపించండి.